వంకర గట్టు

జూలై పన్నెండో తేదీ, శనివారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం: విత్తనాల గది. హాజరైనవారు ముగ్గురు: నేల తీరును బట్టి సాగుచేసే పర్మాకల్చర్ క్షేత్రం యజమానురాలు, నెల రోజుల పరీక్షాకాలం ఆ ఉదయంతో ముగిసిన కొత్త వాలంటీరు, ఇద్దరి మధ్యా బల్ల మీద కాగితం పరుచుకొని కూర్చున్న నర్సమ్మ.

నర్సమ్మ ఆస్పత్రి ఉద్యోగం వదిలి ఈ క్షేత్రంలో చేరి రెండేళ్లయింది. కోళ్ల సంరక్షణతోపాటు సభల తీర్మానాలు రాయడమూ ఆమె వంతే. ఇక్కడి కట్టుబాటు ఒకటి ఉంది. పరీక్షాకాలం ముగిసిన వాలంటీరును ఉంచుకోవాలంటే, అతని పక్కన పనిచేసినవాళ్లంతా సరేనని సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా మర్నాడే ప్రయాణం. ఈ రెండేళ్లలో ఎనిమిదిమంది అలా వెళ్లారు. వాళ్లెవరి కోసమూ నర్సమ్మ ఇంతగా ఆరాటపడలేదు.

ఈయన సంగతి వేరు. అరవై దాటిన మనిషి. రోడ్ల శాఖలో నలభై ఏళ్లు స్కేలు పెట్టి గీతలు గీసి రిటైరయ్యాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసి మరీ వచ్చాడు. పొమ్మంటే పోవడానికి వేరే గడప లేదు. యజమానురాలా, పురుగునైనా పల్లెత్తు మాట అనని మనిషి, ఈయన కనిపిస్తే చాలు కస్సుమనేది. పేరు పెట్టిగాని వరస పెట్టిగాని ఒక్కనాడూ పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా “కొత్త వాలంటీరు” అనడమే.

“నేరాల చిట్టా చదువమ్మా,” అంది యజమానురాలు, కళ్లజోడు సవరించుకుంటూ.

“నేరాలేమిటండీ, ఇదేమన్నా కోర్టా? పని వివరాలు,” అని సణిగి, నర్సమ్మ చదవసాగింది. “మూడో రోజు. కూరగాయల మడుల్లో నేలకు కప్పిన ఎండుటాకులన్నీ ఊడ్చి పారబోశారు.”

“అద్దంలా ఊడ్చారు! సాయంత్రానికి నేల నోరు తెరిచింది.”

“ఎవరైనా వచ్చి చూస్తే బాగుండదేమోనని, మేడమ్,” అన్నాడు వాలంటీరు, చేతులు కట్టుకొని.

“మడుల్లోకి ఎవరొస్తారు, పెళ్లివారా?”

నర్సమ్మ నవ్వు ఆపుకొని తరవాతి పంక్తికి వెళ్లింది. “తొమ్మిదో రోజు. పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లిన జనుమును కలుపనుకొని పీకేశారు.”

“ఒక్క మొక్క మిగిల్చితే ఒట్టు. పట్టుకున్న పని అంతు చూడందే వదలరు. అది తప్పు పనైతే మరీను.”

“నెల్లాళ్లకే అంత బాగా ఎలా కనిపెట్టారండీ?”

“మొహాన రాసిపెట్టి ఉంటే కనబడదూ? నువ్వు చదువు.”

“పదిహేనో రోజు. వానపాములకు ఉక్కపోస్తుందని తొట్టి మీద మూత తీసి పెట్టారు. కోళ్లు వచ్చి...” నర్సమ్మ గొంతు సవరించుకుంది. “ఆ వారం గుడ్లు మాత్రం బాగా పెట్టాయండీ.”

“నువ్వు రాసేదానివా, ఆయనగారి వకీలువా?”

“రెండూనండీ,” అని నర్సమ్మ కలం కింద పెట్టేసింది. ఇక దాచి లాభం లేదు. “పోయిన వారం మీరు జ్వరంతో పడుకున్న రోజు కుండపోతగా కురిసింది గదా! వాలుకు అడ్డంగా తవ్విన కందకం పొంగి నారుమళ్ల మీద పడబోయింది. ఈయనే మోకాటి లోతు బురదలో దిగి నీళ్లు పక్కకు మళ్లించారు. మీతో చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు.”

యజమానురాలు వాలంటీరు వైపు తిరిగింది. “ఎందుకు చెప్పొద్దన్నారో?”

“ఆ హడావుడిలో కందకం గట్టు నాలుగు బారలు తెగింది, మేడమ్. తిరిగి కట్టాక చెబుదామని.”

“కట్టారా?”

“నిన్నటికి పూర్తయింది.”

“పొద్దున చూశాను. పాము పాకినట్టుంది. నలభై ఏళ్లు తిన్నటి గీతలు గీసిన చెయ్యేనా అది?”

నర్సమ్మ ప్రాణం ఉసూరుమంది. తాను చేద్దామనుకున్న మేలే ఈయన కొంప ముంచింది.

వాలంటీరు పుండ్లుపడ్డ తన అరచేతుల వంక చూసుకున్నాడు. “తాడు లాగి తిన్నగానే కట్టాను. నీళ్లు ఓ పక్కకు పోగై తెంపేశాయి. మళ్లీ కట్టాను, మళ్లీ తెగింది. మూడోసారి తాడు అవతల పారేసి, నీటిమట్టం ఎటు పోతే అటే మట్టి వేసుకుంటూ పోయాను. నిలిచింది. ఆ వంకర నాది కాదు, నేలది. ఐదేళ్ల కిందట ఒకావిడ ఈ మాటే చెబితే, చేతిలో స్కేలుందన్న పొగరుతో పకపకా నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. నన్ను ఇక్కడ ఉండనివ్వండి.”

యజమానురాలు లేచి, కిటికీలోంచి వాలు వైపు చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి చెంగుతో తుడిచి, తరవాత కళ్లు కూడా తుడుచుకుంది. జ్వరం తాలూకు నీరసం ఇంకా పోయినట్టు లేదనుకుంది నర్సమ్మ.

“కలం ఇటియ్యి.”

ఆమె సంతకం పెట్టింది. నర్సమ్మ ఆనందం కొద్దీ సిరా మరకతో సహా పెట్టింది. వాలంటీరు అన్నిటికన్నా కింద పెట్టాడు. యజమానురాలు సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల సొరుగులో దాచింది.

“ఇక ఈయన్ని తిట్టడానికి వీల్లేదండోయ్, పర్మనెంటు మనిషి!” అంది నర్సమ్మ.

యజమానురాలు గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి, నెల రోజుల్లో మొదటిసారి ఆయన్ని చూసి నవ్వింది.

“ఏమండీ, ఇక మీ పక్క మన గదిలో వేసుకోండి.”