సగం పేరు

ఈ నోటీసులు ఎవరైనా చదువుతారా అన్న అనుమానం ఎర్నెస్టీన్‌కు పంతొమ్మిదేళ్ళుగా ఉంది. వాషింగ్టన్‌లో ప్రభుత్వ గెజెట్‌కు ఆమె ప్రూఫులు దిద్దుతుంది. కాంగోలో జరుగుతున్న పోరు కారణంగా అమెరికా అధ్యక్షుడు ప్రకటించిన అత్యవసర పరిస్థితిని మరో ఏడాది పొడిగిస్తున్నామని ప్రతి అక్టోబరులో ఒక నోటీసు వస్తుంది. ఏటా అవే నాలుగు పేరాలు. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు ఆ దేశాన్ని కూడా తలుచుకుని, "ప్రభువా, నువ్వూ నేనూ తప్ప దీన్ని ఇంకెవరైనా చదువుతున్నారా?" అని అడిగేది. జవాబు రాలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు వచ్చింది.

"మమా, ఇక్కడ సంవత్సరం తప్పు పడింది," అన్నాడు ప్రోస్పర్, కౌంటరు మీద కాగితం పెట్టి.

అతనిది కాంగోయే. అక్కడ అమ్మలాంటి ఆడవాళ్ళను 'మమా' అంటారు. ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో పని. మర్నాటి గెజెట్‌లో రాబోయే కాగితాలను ముందురోజే ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. అందుకోసం కిటికీ పక్కన, హీటరు దగ్గర ఒక బల్ల ఉంది. పదకొండేళ్ళుగా అతను ఏటా ఒక్కరోజు ఆ బల్ల దగ్గర కూర్చుని వెళ్ళేవాడు. చలికి తట్టుకోలేక వస్తాడని ఆఫీసులో అందరూ అనుకునేవారు.

ఎర్నెస్టీన్ కళ్ళజోడు సవరించుకుని చూసింది. ఏటా పోయినేటి నోటీసునే తెరిచి తేదీలు మార్చడం అచ్చుకు కూర్చేవాళ్ళ అలవాటు. అయిదు చోట్ల మార్చాలి. నాలుగు చోట్ల మారింది. అయిదోది ఆఖరి వాక్యంలో ఉంది, అసలు పొడిగించేది ఆ వాక్యమే. అక్కడ పోయినేటి సంవత్సరం అలాగే ఉండిపోయింది. కింద, ప్రూఫు సరిచూసినట్టుగా ఆమె పొడి అక్షరాలు.

గడువు ముగిసేలోగా వెలువడేది రేపటి గెజెట్ ఒక్కటే. అందులో సరిగ్గా రాకపోతే రేపు అర్ధరాత్రితో అత్యవసర పరిస్థితి దానంతటదే రద్దవుతుంది. దానితోపాటు ముఠా నాయకుల డబ్బుకు బ్యాంకుల్లో వేసిన తాళాలూ ఊడిపోతాయి. ఆ నాయకుల పేర్ల జాబితాను మొదటి ఏడాది అక్షరం అక్షరం సరిచూసింది ఆమే.

ఆమె వెళ్ళి విషయం చెప్పినా సూపర్‌వైజర్ లైల్ కుర్చీలోంచి లేవలేదు. "ప్రెస్సుకు వెళ్ళిపోయింది, మిస్ ఎర్నెస్టీన్. ఎల్లుండి సవరణ వేద్దాం. ఎవరు చూస్తారు?"

"అతను చూశాడుగా."

"ఆ హీటరు కోసం వచ్చే మనిషా?"

ప్రోస్పర్ కౌంటరు దగ్గర నుంచే అన్నాడు. "సారూ, ఆ డబ్బుగల వాళ్ళకు లాయర్లున్నారు. ఆ లాయర్లు మీకంటే బాగా చదువుతారు. మీరు సవరణ వేసేసరికి డబ్బుండదు. తుపాకులుంటాయి."

"వాళ్ళ సంగతి నీకేం తెలుసు?"

"తెలుసు," అని తల దించుకున్నాడు ప్రోస్పర్.

లైల్ గొంతు తగ్గించాడు. "మిషన్ ఆపమంటే ఎందుకని అడుగుతారు. ప్రూఫు చూసిందెవరని అడుగుతారు. మీకు ఇన్నేళ్ళలో ఒక్క తప్పు లేదు. జూన్‌లో రిటైరవుతున్నారు. ఆలోచించుకోండి."

"ఆలోచించాను. తప్పు నాదేనని రాసిస్తాను."

ప్రెస్సు రెండంతస్తులు కింద ఉంది. మోకాళ్ళ నొప్పులున్నా ఆమె లిఫ్టు కోసం ఆగలేదు.

"ఏంటి ఆ పరుగు, చర్చి బస్సు వెళ్ళిపోతోందా?" అన్నాడు మిషన్ నడిపే డెల్బర్ట్.

"మిషన్ ఆపు."

"ఎవరి ఆర్డరు?"

"నాది."

"ఆపమనే అధికారం మీకు లేదుగా?"

"లేదు. ఆపు."

డెల్బర్ట్ ఒక్క క్షణం ఆమె ముఖం చూసి ఎర్ర బొత్తాం నొక్కాడు. హోరు ఆగిపోయింది. అధ్యక్షుడి సంతకం ఉన్న అసలు కాగితం తెప్పించి ఆమె పైకి చదివింది. డెల్బర్ట్ తెర మీద వేలు పెట్టి సరిచూశాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ నోటీసు గొంతెత్తి చదవడం అదే మొదలు. ఒక్క అంకె మారింది. మిషన్ మళ్ళీ కదిలింది.

ఇంకా వెచ్చగా ఉన్న కాగితం పట్టుకుని ఆమె పైకి వచ్చేసరికి లైల్ ఫోను పెట్టేస్తున్నాడు.

"పైవాళ్ళు," అన్నాడు ముఖం ఎటో పెట్టి. "గెజెట్ బయటికి రాకముందే పట్టుకుంటే అది తప్పు కాదట. ప్రూఫు దిద్దడమేనట. మీకు థాంక్స్ చెప్పమన్నారు." తర్వాత తన కుర్చీ తనే తోసుకెళ్ళి ప్రోస్పర్ ముందు వేశాడు. "కూర్చోండి సార్. కాఫీలో చక్కెర ఎంత?"

"మూడు చెంచాలు," అన్నాడు ప్రోస్పర్ దర్జాగా కూర్చుని.

కాగితం ఆఖరి వాక్యం దాకా చదివాడు. ఆ సంవత్సరం మీద బొటనవేలు ఆనించి, మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు. కాఫీ తాగి లేవబోతుంటే ఎర్నెస్టీన్ రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది.

"ఆగు. నువ్వు నాకు బాకీ ఉన్నావు."

చదవడానికి వచ్చినవాళ్ళు అందులో పూర్తి పేరు రాయాలి. పదకొండేళ్ళూ అతను 'ప్రోస్పర్' అని మాత్రం రాసి, "మిగతాది వచ్చే ఏడాది, మమా" అని నవ్వి వెళ్ళిపోయేవాడు.

"ఈ ఏడాది తప్పించుకోలేవు," అంది.

ప్రోస్పర్ పెన్ను అందుకున్నాడు. నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. ప్రోస్పర్ బహిజీరే.

ఆ ఇంటిపేరు ఎర్నెస్టీన్‌కు తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె సరిచూసిన ముఠా నాయకుల జాబితాలో మొట్టమొదటి పేరు దానితోనే మొదలవుతుంది. ఆమె తలెత్తి అతని వంక చూసింది.

"వచ్చే అక్టోబరులోనూ వస్తాను, మమా," అన్నాడు ప్రోస్పర్ పెన్ను ఆమె చేతికిస్తూ. "మా అన్న ఇంకా బతికే ఉన్నాడు."