మనోడికి టిప్పా!

విహారయాత్ర ముగిసి ఓడ దిగే రోజు పొద్దున, ధర్మవరం పట్టుచీరల వ్యాపారి చెన్నకేశవులు టిప్పు కవర్లు పంచుతున్నాడు. పెట్టెలు మోసినతనికి ఒకటి, భోజనం వడ్డించినతనికి ఒకటి ఇచ్చి, మూడోది చేత్తో పట్టుకుని తన గది దగ్గరికొచ్చాడు.

వారమంతా ఆ గది సర్దినవాడు అశ్వర్థ. ఆయన అడిగిందే తడవుగా వేడినీళ్ళూ పెరుగన్నమూ తెచ్చిపెట్టినవాడు.

వ్యాపారి అతని భుజం మీద చెయ్యేశాడు. "నీది మా పక్క పరిగి అంటివి గదప్పా. మనోనికి దుడ్లిస్తే పరాయోణ్ణి జేసినట్లు గాదా? ఊరికొచ్చినప్పుడు మా ఇంటికి రా, ఓళిగలు పెట్టిస్తా."

కవరు మళ్ళీ ఆయన జేబులోకి పోయింది.

"అట్లే అన్నా," అంటూ అశ్వర్థ నవ్వుతూనే లిఫ్టు దాకా సాగనంపాడు.

మధ్యాహ్నం అదే గదిలోకి వేరే దంపతులు వచ్చారు. పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏం నాయనా, మన పక్క పిల్లోని మాదిరి ఉండావే! మీది యాడ?"

అచ్చం వాళ్ళమ్మ గొంతే. నోటిదాకా వచ్చిన ఊరి పేరును అశ్వర్థ మింగేశాడు.

"సారీ మేడమ్. ఓన్లీ ఇంగ్లీష్."

ఆమె నిట్టూర్చి మొగుడి వైపు తిరిగింది.

"మనోడు గాదంట. చేతిలో ఏమన్నా పెట్టండి."