చెప్పకపోతే

“కస్టమర్ల ఆర్డర్లన్నీ తుడిచిపెట్టేశావు కదమ్మా!” మేనేజర్ బల్ల చరిచాడు.

“టెస్టులు ఏ డేటాబేస్ తుడిచి మొదలుపెట్టాలో ప్రతిసారీ మనమే టైపు చేసి చెప్పాలి సార్. మర్చిపోయాను. కానీ చెప్పకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోవాలి. సెట్టింగుల ఫైల్లో ఎవరో, చెప్పకపోతే కస్టమర్ల అసలు డేటాబేసే తీసుకోమని రాసిపెట్టారు.”

“ఎవరు?”

ఆమె పక్కనే ఉన్న టీమ్ లీడ్ వైపు చూసింది. ఆయన ఆమె అక్క మొగుడు. ప్రతిసారీ టైపు చెయ్యాలంటే విసుగంటూ ఆ లైను రాసింది ఆయనే. “వద్దు బావా” అంటే నవ్వాడు కూడా.

బావ కాసేపు నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి చేతులు జోడించాడు.

“చిన్నపిల్ల సార్. నా మొహం చూసి ఈ ఒక్కసారికి వదిలేయండి.”

మేనేజర్ మెత్తబడ్డాడు. “మీ బావ దేవుడమ్మా. ఆయనే లేకపోతే ఈపాటికి ఇంటికెళ్లేదానివి.”

ఇప్పుడు ఆమె నిజం చెప్తే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందంటారు.

కారిడార్లోకి రాగానే బావ ఆమె భుజం తట్టాడు.

“భయపడకు. మీ అక్కకి చెప్పన్లే.”