లోపలి గడియ

చీకటి పడ్డాక ఎండుచేపలమ్ముకుని కళింగపట్నం తిరిగొచ్చిన కూర్మమ్మకి బొడ్లో దోపుకున్న తాళంచెవి కనబడలేదు. బస్సులోనే జారిపోయుంటుంది. ఫోను చేస్తే, బజార్లో తాళాలు బాగుచేసే దాలయ్య సైకిలెక్కి వచ్చాడు. తాళం కప్ప ఊడదీయడానికి అతనికి రెండు నిమిషాలు పట్టలేదు.

తలుపు మాత్రం కదల్లేదు.

దాలయ్య భుజంతో నెట్టాడు. సెల్‌ఫోను లైటు వేసి సందులోంచి చూశాడు. "వదినా, లోపల గడియెట్టుంది. ఎవులున్నారు?"

"ఎవులుంటారు? నేనొక్కదాన్నే కదా. ఈ ఇంటికి ఇంకో తలుపు కూడా నేదు."

అప్పుడు లోపల ఎవరో దగ్గారు. పొడి దగ్గు, ఆ వెనకే గొంతు సవరించుకున్న చప్పుడు. దాలయ్యకది తెలిసిన దగ్గే. రెండేళ్ల కిందట సముద్రంలో చేపల వేటకెళ్లి, శవం కూడా ఒడ్డుకి రాని కూర్మమ్మ మొగుడు ఎర్రయ్యది. దాలయ్య పనిముట్లయినా ఏరుకోకుండా సైకిలెక్కేశాడు.

కూర్మమ్మ పరిగెత్తలేదు. తాగొచ్చిన ప్రతి రాత్రీ ఎర్రయ్య ఇలాగే గడియేసుకుని ఆమెని గుమ్మం బయటే ఉంచేవాడు. ఒకసారి నిండు చూలాలిగా ఆమె వానలో తడుస్తూ ఎంత బతిమాలినా తియ్యలేదు; ఆ బిడ్డ దక్కలేదు. అతను పోయాకే ఆమె ఆ ఇంట్లో కంటినిండా నిద్రపోయింది.

తలుపుకి నోరానించి, "ఆ సముద్రం కూడా నిన్నుంచుకోనేకపోనాదేటి?" అంది.

దగ్గు ఆగింది. తర్వాత లోపల, పై గడియ కూడా పడింది.