వాల్‌నట్ చేవ

"గిదేం కట్టెరా, బొగ్గు లెక్క నల్లగున్నది?"

కొడుకు సంచిలోంచి తీసిన పీటను తీతు అరచేత్తో నిమిరి చూశాడు.

"నల్ల వాల్‌నట్, బాపు. అక్రోటు జాతి చెట్టుది. మా సేటు అమెరికా నుంచి తెప్పిస్తడు," అన్నాడు శాంతిరాజ్.

గోదావరిఖని బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం తీతు పని. ఆ పని అతని నడుము విరిచేసింది. రేపే మెడికల్ బోర్డు. పనికిరాడని డాక్టర్లు తేల్చేస్తే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. లోకంలో ఆడవాళ్లు మొగుడు నిక్షేపంగా ఉండాలని మొక్కుకుంటారు. ఇక్కడ తీతు భార్య సుసన్నా తన మొగుడు ఎందుకూ పనికిరాడని తేలాలని చర్చిలో ప్రార్థన చేయించింది. కొడుక్కి కొత్త టిఫిన్ డబ్బా కూడా కొనేసింది.

శాంతిరాజ్‌కు ఆ డబ్బా చూస్తేనే ఊపిరాడలేదు. హైదరాబాద్ కార్ఖానాలో సేటు ఇప్పుడిప్పుడే నమ్మి ఈ కట్టె చేతికిస్తున్నాడు. బాయిలో దిగనంటే ఇల్లు గడవదు. దిగితే మళ్లీ ఈ కట్టె ముట్టుకునే రాత లేదు. ఆ మాట బాపు ముందు అనే ధైర్యం లేక కట్టె గురించే చెప్పుకుపోయాడు. దీని చేవ చాక్లెట్ రంగట. రందతో చిత్రిక పడితే వెన్నలా లేస్తుందట. ఒకసారి ఆరిందా, వంగదు, పగలదు, అతుకులు వదలవు. బల్లలకే కాదు, తుపాకీ మడమలకూ ఇదే వాడతారట. రంగు పూస్తే పాపం, కాస్త నూనె చాలు. ఏళ్లు గడిచేకొద్దీ నలుపు తగ్గి తేనె రంగుకు వస్తుందట.

తీతు నవ్వాడు. ఇన్నేళ్లు బాయిలో దిగినా తన నలుపు తగ్గలేదన్నాడు. తర్వాత ఆ కట్టెతో ఏం చేస్తున్నావని అడిగాడు.

"పెద్ద భోజనం బల్ల, బాపు. సేటు నాకే ఇచ్చిండు." చెప్పాక శాంతిరాజ్ గొంతు తగ్గిపోయింది. "ఇగ వేరేటోళ్లు చేస్తరు తీ."

తీతు ఊఁ అన్నాడు. గోడ పట్టుకుని, మూలుగుతూ లేచి పడుకోవడానికి వెళ్లాడు.

మర్నాడు బోర్డు అతన్ని ఫిట్ అనేసింది. సుసన్నా నెత్తి కొట్టుకుంది. తీతు గోడవైపు తిరిగి పడుకున్నాడు. శాంతిరాజ్‌కు గుండె మీది బండ దిగినట్టయింది. అలా అయినందుకు సిగ్గూ వేసింది. ఆ సిగ్గుతోనే సంచి సర్దుకుని బస్టాండుకు వచ్చాడు.

అక్కడ పోశం కనబడ్డాడు. తీతుతో పాటు బోర్డుకు పోయి, అన్‌ఫిట్ అయి వచ్చినవాడు. శాంతిరాజ్ ఉండబట్టలేక అడిగేశాడు.

"వంగలేని మనిషిని ఫిట్ అన్నరేంది కాక? డాక్టర్లకు కండ్లు లేవా?"

పోశం బెంచీ మీద జరిగి అతనికి చోటిచ్చాడు.

"వాళ్లనేం అనకు బిడ్డా. అడగకున్నా మీ బాపు గుంజీలు తీసి చూపెట్టిండు."