తలుపుకు అడ్డం గుండ్రాయి

“మళ్ళా ఎవరు పెట్టినారు దీన్ని?”

ల్యాబు తలుపుకు అడ్డంగా రుబ్బురోలు గుండ్రాయి. భాగ్యమ్మకు ఒళ్ళు మండింది.

“ఇంగెవరు? ఆ ముసిలామే,” అన్నాడు వాచ్‌మన్ ఓబలప్ప, ఎటో చూస్తూ.

ముసిలామె వరండాలోనే ఉంది, జామకాయల బుట్టతో. రాబర్ట్‌సన్‌పేట బజారంతా వదిలేసి, ఈగ కూడా వాలని ఈ ల్యాబు ముందు దుకాణం పెట్టింది మహాతల్లి!

“తలుపు మూయొద్దు పాపా. ఊపిరాడదు.”

“పొద్దున్నే ఏం మాటలమ్మా అవి? ఏసీ గాలి కావాలంటే సినిమా హాలుకు పో!”

గుండ్రాయిని పక్కకు నెట్టింది. స్ప్రింగు తలుపు దానంతటదే మూసుకుంది.

లోపల పని కూడా రుబ్బడమే. రాయల్పాడు మామిడికాయలు విదేశాలకు పోవాలంటే, వాటిలో పురుగుమందు ఎంతుందో తేల్చాలి. ముక్కల మీద క్యానులోని ద్రవ నైట్రోజన్ పోస్తే చిటికెలో గడ్డకట్టి రాళ్ళయిపోతాయి. మిషన్లో వేస్తే మెత్తటి పిండి.

పోసినప్పుడల్లా తెల్లటి పొగ. మూసిన గదిలో అది నిండిందా, పీల్చే గాలికి చోటుండదు. వాసన రాదు, దగ్గు రాదు, మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. తలుపు తీసి, ఫ్యాను వేసి రుబ్బాలని భాగ్యమ్మకు ట్రైనింగులో నేర్పించినారు కూడా.

ల్యాబు నడిపే సారు ఒప్పుకుంటే కదా!

“తలుపు తీస్తే తేమ తగిలి పిండి ముద్దయిపోతాది. రిపోర్టు తప్పితే నువ్వు జవాబు చెప్తావా? నీకు ముందున్న పిల్ల చెప్పాపెట్టకుండా మానేసింది. నువ్వూ అట్లనే పోతావా?”

క్యాసంబళ్ళి నుంచి బస్సులో వచ్చే భాగ్యమ్మకు ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. తలుపు మూసుకునే రుబ్బింది.

మర్నాడు మళ్ళీ గుండ్రాయి.

“నిన్ను గేటు బయటికి తోయిస్తా, చూడు!”

“తోయించమ్మా. గుండు మాత్రం ఉండనీ.”

“ఈమెకేమన్నా పిచ్చా, ఓబలప్పా?”

ఓబలప్ప నోరు తెరిచినాడు. సారు గది వైపు చూసి మూసుకున్నాడు.

భాగ్యమ్మే పోయి సారుకు చెప్పింది.

“దొంగది. క్యాను మీద కన్నేసినట్టుండాది. గెంటెయ్!” అన్నాడు సారు.

ఓబలప్ప గెంటినాడు. గుండ్రాయిని మోరీలో పడేసినాడు. భాగ్యమ్మకు పీడ వదిలినట్టయింది.

మామిడి సీజను ముదిరింది. బల్ల నిండా శాంపిళ్ళు. ఆ మధ్యాహ్నం తొందరలో చేతి తొడుగు జారింది, క్యాను ఒరిగింది. గదంతా తెలుపు. భాగ్యమ్మ తలుపు వైపు తిరిగింది. అందుకోలేకపోయింది.

కళ్ళు తెరిచేసరికి వరండాలో ఉంది. మోచేతులు గీరుకుపోయి మండుతున్నాయి. పక్కనే ముసిలామె, ముఖం మీద కొంగు కప్పి.

“గేటు బయటనే కూర్చోనుండె, కిటికీ అద్దంలో పొగ చూసి గేటు తోసుకొని ఉరికిందమ్మా,” అన్నాడు ఓబలప్ప. “నేను టీకి పోయుంటి. వంగి నిన్ను గడప దాకా ఈడ్చి బయటికి తోసినట్టుండాది. తాను లోపలే కూలింది. అడ్డం గుండు లేదు కదా, తలుపు మూసుకుపోయింది. నేనొచ్చి తీసేసరికి అయిపోయింది.”

తన గదిలో సారు ఫోనులో అంటున్నాడు: “ఎవరో బిచ్చగత్తె సార్. దొంగతనానికి దూరింది.”

భాగ్యమ్మ భోరుమంది.

“నేను తిట్టినాను కదప్పా! గెంటించినాను కదా! నేనేమవుతానని వచ్చింది ఈయమ్మ?”

ఓబలప్ప ఈసారి సారు గది వైపు చూడలేదు.

“ఈయమ్మ పేరు గురువమ్మ. నీకు ముందున్న పిల్ల పని మానలేదమ్మా, ఆ తలుపు మూసుకొని రుబ్బుతా ఆడనే ప్రాణం పోగొట్టుకునింది, ఆ పిల్లను కన్నది ఈయమ్మే.”