దుప్పి పట్టుకోబోయిన దొంగ

ఉత్తరాన మంచు కురిసే అడవిలో గంభీరుడని ఓ భారీ దుప్పి ఉండేవాడు. లేత భూర్జ మొక్కలంటే అతనికి ప్రాణం. సూదుల్లాంటి ఆకులున్న చెట్లవైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. అవి చేదు, పైగా నాలుకకి గుచ్చుకుంటాయి.

ఒకరోజు ఆకలేసి తలెత్తి చూస్తే చుట్టూ సూదాకుల చెట్లే. భూర్జ మొక్క ఒక్కటీ లేదు.

"ఎవడో దొంగవెధవ నా అడవంతా మేసేశాడు!" అని గోలపెట్టి, కొరికేసిన మోళ్లన్నీ వాసన చూశాడు. "చూశావా, వాడిది నా ఎత్తే! నోరూ నా నోరంతే! ఎంత పొగరు!"

కొమ్మమీది ఉడుత చుక్కమ్మ నవ్వాపుకుంటూ, "మీ చుట్టాల్లో ఎవరైనా అయ్యుంటారేమో, మామా" అంది.

"మా వంశంలో అంత తిండిపోతు పుట్టడు!"

వెతగ్గా వెతగ్గా ఒక బండసందులో ఆఖరి భూర్జ మొక్క కనిపించింది.

"దీన్నైనా బతకనియ్యి మామా. పెరిగి విత్తనాలు రాల్చిందంటే మళ్లీ నీకు కడుపునిండా తిండి" అంది చుక్కమ్మ.

"నేనుండగా దీన్ని ముట్టుకునేదెవడు?" అని గంభీరుడు రొమ్ము విరుచుకుని కాపలా నిలబడ్డాడు. పొద్దు వాలింది. దొంగ రాలేదు. గంభీరుడికి కళ్లు మూతలు పడుతున్నాయి. నేను కునుకు తీస్తే వాడొచ్చి తినిపోడూ, అనుకున్నాడు.

వెంటనే వంగి, మొక్కని వేళ్లతో సహా నమిలి మింగేశాడు.

"ఇప్పుడు రమ్మను వాణ్ణి," అన్నాడు మూతి నాక్కుంటూ, "ఏం తింటాడో చూస్తా!"